చింతాకు అల్లిక

నిస్సీ దొంగ అని ఆనందమ్మకు మొదటిరోజే అనుమానం వచ్చింది.

అల్లిక నేర్చుకుంటానని ఫోన్లో చేరిన మనిషి సూదులు చూడాలి గానీ, మొహం చూస్తానంటుందా? లైటు వేసుకోండి, ఫోను కాస్త పైకి పెట్టండి, మొగం కనపడల్యా అంటుంది. ఇంకోరోజు వేళ్ళు చూపించమంటుంది, అదీ గోళ్ళు కనపడేంత దగ్గరగా. ఊలు ఏ వేలి మీదుగా తిప్పుతోందో పట్టేయాలని కాకపోతే, ముసలిదాని గోళ్ళతో ఆమెకేం పని?

ఆనందమ్మ చిత్తూరులో ఒక మిషన్ బడిలో కుట్టుపని టీచరుగా చేసి రిటైరయింది. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డాక, ఆమె దగ్గర చదువుకున్న జెస్సీ చర్చి ఆడవాళ్ళను కొందరిని ఫోన్లో ఒకచోట చేర్చింది. సాయంత్రమైతే ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, ప్రసూతి వార్డులో పుట్టే బిడ్డలకు చిట్టి స్వెట్టర్లు అల్లేవాళ్ళు. ఆ కాసేపే ఆనందమ్మకు ఇల్లు ఇల్లులా ఉండేది. ఫోన్లు పెట్టేశాక గోడలు మీద పడేవి.

అంతలో ఆనందమ్మకే పాజిటివ్ వచ్చింది. ఆస్పత్రికి పోదామని జెస్సీ బతిమాలితే ససేమిరా అంది.

"పోయినేడు మా ఆయన్ని ఆ బండెక్కించినారు. మళ్ళా మొగం కూడా చూపించల్యా. సచ్చినా ఎక్కను" అని లోపల గడియ పెట్టుకుంది.

జెస్సీ వేలికి పెట్టుకునే క్లిప్పు తెచ్చి గేటుకు తగిలిస్తే, మొగుడు శాంతయ్య వేలికి అది పెట్టిన రోజే పోయాడని తీసి వీధిలోకి విసిరేసింది. జెస్సీ తెచ్చే క్యారియరు మాత్రం తీసుకునేది.

ఆ గొడవల్లోనే ఈ నిస్సీ దిగబడింది. ఎవరే ఈమె అంటే, తెలిసినామె టీచరమ్మా, పొద్దుపోక నేర్చుకుంటుందంట అని జెస్సీ నీళ్ళు నమిలింది.

ఆనందమ్మ దగ్గర కాజేయడానికి ఉన్నది ఒకే ఒక్కటి, చింతాకు అల్లిక. ఈనెకు అటూ ఇటూ సన్నటి ఆకులు జంటజంటగా దిగుతాయి. ఆమే కనిపెట్టింది. ఎవరికీ నేర్పలేదు. క్రిస్మస్ అమ్మకంలో చింతాకు స్వెట్టరంటే జనం ఎగబడతారు. పిల్లలు లేరు, మొగుడు పోయాడు, ఆ పేరొక్కటే మిగిలింది. అది కాస్తా ఆ అమ్మకంలో పోటీకొచ్చే పక్క చర్చి వాళ్ళకు చిక్కితే ఇక ఆమెను పలకరించే దిక్కుండదు.

నిస్సీ పక్క చర్చి మనిషేననడానికి రుజువు కూడా దొరికింది. ఆమె మాట్లాడుతుంటే వెనక ఎవరెవరో "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తుంటారు. చర్చి ఆడవాళ్ళు గాక అలా ఇంకెవరు పిలుచుకుంటారు? పైగా ఏదో మిషను ఆగకుండా కూస్తుంటుంది. అల్లిక మిషను కూడా కొన్నారన్నమాట, దొంగమొహాలు.

అన్నిటికన్నా వింత ఆ లెక్క.

"వరసలో కుట్లు పైకి లెక్కపెట్టండి టీచరమ్మా. మధ్యలో ఆగొద్దు, ఆగితే నేను తప్పిపోతాను" అంటుంది. ఆనందమ్మ ఒకటి నుంచి ముప్పై దాకా గడగడా అప్పజెప్పాలి. రోజూ అదే వరస, అదే ముప్పై. ఇంత విన్నా నిస్సీ అల్లిక జానెడు పెరగలేదు. ఉన్నది కూడా వంకరే. లెక్క అవగానే "బాగుండాది టీచరమ్మా" అని మాయమవుతుంది. ఏం బాగుందో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు క్యారియరు తెచ్చిన జెస్సీని కిటికీలోంచి నిలదీసింది. "నిజం సెప్పు. ఆ నిస్సీ ఎవురు?"

"మనమ్మాయే టీచరమ్మా" అంటూ జెస్సీ కళ్ళు దించుకుంది.

తను వేలు పట్టుకుని సూది పట్టించిన పిల్ల తనకే అబద్ధం చెబుతోంది. ఆనందమ్మకు కడుపు మండిపోయింది. ఆ పూట క్యారియరు మూత కూడా తీయలేదు.

సాయంత్రానికి ఉపాయం తట్టింది. తప్పు లెక్క చెప్పాలి, వరస సగంలోనే ఆపేయాలి. ఆ లెక్కతో అల్లితే వచ్చేది చింతాకు కాదు, చింతతొక్కు. పక్క చర్చి వాళ్ళు దాన్నే అమ్ముకోవాలి.

ఎప్పటిలాగే నిస్సీ లెక్కపెట్టమంది. ఆనందమ్మ ఒకటి, రెండు అంటూ పోయి, పన్నెండు దగ్గర టక్కున నోరు మూసుకుంది.

"ఇంకా చెప్పండి టీచరమ్మా."

ఆనందమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఫోన్లో జెస్సీ మొహం పాలిపోయింది. నిస్సీ చేతిలో సూదులు కిందపడ్డ చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఒక్కసారే మాయమయ్యారు.

దొరికారు దొంగలు. ఆనందమ్మకు ప్రాణం లేచొచ్చింది. ముట్టని క్యారియరు విప్పుకుని కూర్చుంది.

నాలుగు ముద్దలు తిన్నదో లేదో, వీధిలో సైరను మోగింది. అది వచ్చి వచ్చి ఆమె గేటు ముందే ఆగింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కిటికీ సందులోంచి చూస్తే, తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగు వేసుకున్న మనిషి, పక్కన సిలిండరు మోస్తున్న డ్రైవరు, గేటు పట్టుకుని ఏడుస్తున్న జెస్సీ కనిపించారు.

తలుపు మీద దబదబా చప్పుడయింది. ఆ తెల్ల తొడుగులోంచి వినిపించిన గొంతు నిస్సీది.

"తలుపు తియ్యండి టీచరమ్మా, నిన్నటిదాకా ఒక్క ఊపిరికి ముప్పై లెక్కపెట్టినారు, ఈ పొద్దు పన్నెండుకే ఆగిపోతిరి, మీరు బండెక్కబన్లేదు, ఆక్సిజన్ ఈడికే తెచ్చినా."