బొమ్మ లంగాకు పెట్టిన మడత

అలవాటుకొద్దీ పుష్పవతి బొమ్మ లంగాకు కూడా అంచులో రెండు వేళ్ల మడత పెట్టి కుట్టింది. పెరిగే పిల్లల లంగాలకు ఆమె ఎప్పుడూ అలాగే పెట్టేది, పొట్టి అయినప్పుడు విప్పుకోవచ్చని.

"బొమ్మ పెరుగుతాదా అవ్వా?" అని మనవరాలు మోనిషా పకపకా నవ్వి, బొమ్మను తీసుకుని హోసూరుకు వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే ఒక రాత్రి సూళగిరిలో పుష్పవతి ఇంట్లో ఫోను మోగింది.

"అవ్వా, బొమ్మ లంగా పొట్టైపోయింది. మడత విప్పినాను."

పుష్పవతి నవ్వబోయి ఆగింది. ఫోనులో, మోనిషా వెనక, ఎవరో ఉత్త కాళ్లతో నడుస్తున్నారు.

"మీ అమ్మ వచ్చిందా?"

"లేదవ్వా. నైట్ షిఫ్టు."

"మరి ఆడ నడిచేదెవరే?"

అడుగులు ఆగాయి. మోనిషా గొంతు తగ్గించింది.

"మడత విప్పినా చాల్లేదంట అవ్వా. నా లంగా అడగతా ఉండాది."