ఒలికిన నీళ్ళు

…తుమ్మైతే ముందే తెలుస్తుంది, కాళ్ళు పెనవేసుకోవచ్చు. దగ్గైతే గోడ పట్టుకుని ఆగవచ్చు. మరి నవ్వుకు?

నవ్వు చెప్పి రాదు.

అందుకే భువన రెండేళ్ళుగా మొగుడి ముందు నవ్వడం మానేసింది.

సాయిప్రసాద్‌ది స్టీలు సామాన్ల దుకాణం. గిన్నె కోసం వచ్చినవాళ్ళు అతని ముచ్చట విని బిందె కూడా కొనుక్కుపోతారు. ఒకప్పుడు మధ్యాహ్నం అన్నానికి అతనితో పాటు ఆ ముచ్చట్లన్నీ ఇంటికొచ్చేవి. ఇప్పుడు అతనొక్కడే వచ్చి తిని పోతున్నాడు.

ఇవాళా తల వంచుకునే తింటున్నాడు.

కూతురు సాత్విక పుట్టిన తరువాత మొదలైందది. మొదట దగ్గితే మూత్రం ఒక చుక్క. తరువాత లోపల గుడ్డ మడిచి పెట్టుకునేంత.

రెండేళ్ళ క్రితం ఒకనాడు అతని కౌగిలిలోనే నవ్వుతుంటే పరుపు తడిసింది.

"చెంబుల నీళ్లు ఒలికినయ్," అంది, అతను అడగకముందే.

అతను నమ్మాడు. మరునాడు దుకాణం నుంచి మూత బిగించే స్టీలు సీసా తెచ్చి మంచం పక్కన పెట్టాడు.

ఆ రోజే ఆమె పాప గదిలోకి మారింది. పాప కలవరిస్తోందని చెప్పింది.

పాపకిప్పుడు ఆరేళ్ళు. ఎప్పుడూ కలవరించలేదు.

చెబుదామని ఎన్నిసార్లు అనుకుందో. "నాకు" అన్నంతవరకు నోటిదాకా వచ్చేది. అక్కడే ఆగేది.

"ఇయ్యాల ముచ్చటేం లేదా?" అని అడిగింది.

"చెప్తే ఏమొస్తది. దుకాణంల గిన్నెలన్న నవ్వుతయ్. నేనంటేనే ఎగటు పుట్టినట్టుంది నీకు."

మాట మామూలుగానే అన్నాడు. పచ్చిపులుసు కలిపే వేళ్ళు మాత్రం ఆగాయి.

భువన ఎదురుగా కూర్చుంది. కాళ్ళు పెనవేసుకోలేదు.

"చెప్పుండ్రి."

అతను తల ఎత్తాడు.

"చిన్నకోడూరు పోశయ్య తాత లేడూ, కరెంటు కుక్కర్ కొనుకపోయిండు. పొద్దుగాల వాపస్ తెచ్చిండు. ఏంది తాతా అంటే, విజిల్ వస్తలేదన్నడు."

"అయితే?"

"రెండు గంటలు మూత తియ్యకుంట కూసున్నరట. ఆఖరికి అవ్వే నోట్ల ఏళ్లు వెట్టి మూడు విజిల్లు ఊదిందట. అప్పుడు తీసి తిన్నరట."

భువన నవ్వింది. ఆపుకోకుండా, కళ్ళనీళ్ళు వచ్చేదాకా.

చీర వెచ్చగా తడిసింది. లేచి పరుగెత్తలేదు.

సాయిప్రసాద్ చెయ్యి కడుక్కోవడం మరిచి ఆమె మొహమే చూస్తున్నాడు.

చీర మార్చుకుని వచ్చి, బీరువా అడుగు నుంచి సాత్విక చంటిపిల్లప్పటి రబ్బరు షీటు తీసింది. తామిద్దరి మంచం మీద పరిచింది. పైన దుప్పటి కప్పలేదు.

"గిదెందుకు? పాప పెద్దగయింది గద," అన్నాడు గుమ్మంలో నిలబడి.

"నాకు."

మంచం పక్కనున్న సీసా తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది వాపస్ దుకాణంల పెట్టుండ్రి."