బావి లేని కొండ

"ఈ ఊళ్లో గాడిద చక్రం తిప్పితే నీళ్లొచ్చే బావి ఒకటి ఉండాలి. ఎక్కడమ్మా అది?"

చర్చి గుమ్మం ఊడుస్తున్న హిల్డా టాప్సెల్ చేతిలో చీపురు ఆగిపోయింది. ఎదురుగా నిలబడ్డవాడికి నలభై ఏళ్లుంటాయి. సైకిల్ మీద కొండెక్కి వచ్చాడేమో, చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. మాట తీరు ఈ చుట్టుపక్కలది కాదు. చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని గుండెకు ఆనించి పట్టుకుని, మధ్యమధ్య తనొక్కడే చూసుకుంటున్నాడు.

1940 వేసవిలో హాక్స్‌లో కొండమీద కొత్త మనిషి కనబడటమే విడ్డూరం. జర్మన్లు ఫ్రాన్సు తీరం దాకా వచ్చి కూర్చున్నారు. శత్రువుకు దారి తెలియకూడదన్న ఉత్తర్వు ప్రకారం దారి పలకలు పీకేశారు, ఊరి పేరు మీద తారు పూశారు, శత్రువు దిగితే తప్ప చర్చి గంటలు మోగించకూడదన్నారు. ఊరివాళ్లు ఇంకో అడుగు ముందుకేసి బావి పాకకు చెక్కలు కొట్టేశారు. కొత్తవాళ్లకు ఏ సంగతీ చెప్పవద్దని పోస్టాఫీసు గోడ మీద కాగితం కూడా అంటించారు.

"బావా? ఇక్కడ బావేమిటి బాబూ, మేం తాగేది వాన నీళ్లు," అంది హిల్డా.

అనేసి మళ్లీ ఊడవసాగింది. ముప్పై ఏళ్లుగా చర్చి తాళాలు ఆవిడ దగ్గరే ఉంటున్నాయి. ఊరు చూడవచ్చిన ప్రతివాడికీ ఆ బావి లోతు రెండు వందల అడుగులనీ, తవ్వడానికి ఇద్దరు అన్నదమ్ములకు నాలుగేళ్లు పట్టిందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి. ఈవిడ నోరు మూయించాలంటే జర్మన్లే దిగి రావాలని ఊళ్లో మేలమాడేవారు.

"పోనీ గంటలు? మొత్తం ఆరట. అందులో ఒకటి పగిలిందట, మోగితే చిల్లుపడ్డ మూకుడు చప్పుడట."

వీడికి ఇంత ఎలా తెలుసు? హిల్డా చీపురు గట్టిగా పట్టుకుంది. "మూడే. మూడూ ఖంగుమంటాయి."

"ప్లేగు రోజుల్లో కిందూరి వాళ్లు రొట్టెలు పెట్టి వెళ్లిన రాయి? మధ్యలో గుంట ఉంటుందటగా."

"ప్లేగు మా కొండెక్కలేదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించింది సరే, ఆ ప్లేగులో పోయిన నలభై ముగ్గురి పేర్లూ ఆవిడకు కంఠతా వచ్చు. వాళ్లందరినీ ఒక్క ముక్కతో లేకుండా చేసేసరికి నోరు చేదెక్కింది.

అయినా తప్పదు. డన్‌కర్క్ తీరం నుంచి పటాలం పడవలెక్కి తిరిగొచ్చినా, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు లెనార్డ్ మాత్రం రాలేదు. జాడ తెలియలేదని తంతి వచ్చి పది వారాలైంది. రోజూ పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే చాలు, ఆవిడ కాళ్లు వాటంతటవే గేటు దగ్గరికి వెళ్లిపోతున్నాయి. వాడు ఎక్కడో బతికే ఉన్నాడు, వస్తాడు. వచ్చేసరికి ఇల్లుండాలి, కొండుండాలి. ఈ కాగితం మనిషి గుర్తులు రాసుకుపోతే రేపు విమానాలు నేరుగా నెత్తిమీదికే వస్తాయి.

"అమ్మగారూ, ఇది నాకు పదకొండో కొండ," అన్నాడు అతను. "బాగా ఆలోచించి చెప్పండి. చాలా అవసరం."

"ఎవరికి అవసరం?"

అతను తటపటాయించాడు. "ముందే చెప్పకూడదు."

అదీ సంగతి, అనుకుంది హిల్డా. ఇంతలో అతని చూపు చెక్కలు కొట్టిన పాక మీద పడింది. అటు నాలుగడుగులు వేశాడు. ఆవిడ గబగబా వెళ్లి చీపురు అడ్డం పెట్టి నిలబడింది.

"అందులో ఏముంది?"

"శవాలబండి. పోయినవారమే అంటురోగంతో ఒకడు పోయాడు. చూస్తావా?"

అతను ఆగిపోయాడు. చాలాసేపు చెక్కల కేసి, ఆవిడ మొహం కేసి చూశాడు. హిల్డా రెప్ప కొట్టలేదు. చివరికి జేబులోంచి చిన్న పుస్తకం తీసి అందులో ఒక పేరు కొట్టేశాడు.

"ఇది కూడా కాదన్నమాట," అన్నాడు. మొహం వాడిపోయింది. కాగితాన్ని మడిచి, కవరులో పెట్టి అంటించాడు. "ఇలాంటివి నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఇది మీ పాస్టరుగారికివ్వండి. ఆయనకు వేరే ఊళ్లు తెలిసుండొచ్చు."

సైకిల్ స్టేషను దారి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆవిడ కదల్లేదు. ఆ తర్వాత కవరు పట్టుకుని కానిస్టేబుల్ గిబ్స్ ఇంటికి ఒకటే పరుగు.

"గూఢచారి, గిబ్స్. నా కళ్లతో చూశాను."

"మళ్లీనా హిల్డా? మొన్న గొర్రెలు కొనడానికొచ్చిన పెద్దాయన్ని పట్టిచ్చావు."

"వీడు అలా కాదు. ఊరంతా వాడి కాగితంలో ఉంది. నేను ఒక్క ముక్క చెప్పలేదు. బావి లేదన్నాను, పగిలిన గంట లేదన్నాను, ప్లేగే రాలేదన్నాను."

"నువ్వా? నోరు మెదపలేదా? పతకం ఇవ్వాల్సిందే నీకు," అని నవ్వుతూ గిబ్స్ కవరు చింపాడు.

కింద లోయలో మూడు గంటల రైలు కూత వేసి కదిలింది.

కాగితం విప్పగానే అతని నవ్వు ఆగిపోయింది. "ఇది పటం కాదే, బొమ్మ. వెనకాల సైనిక ఆసుపత్రి ముద్ర ఉంది," అని ముద్ర కింది రాత చదివాడు. "'మా రోగి రోజూ గీస్తూ కబుర్లు చెప్పే ఊరు ఇది. తలకు తగిలిన దెబ్బతో అతనికి తన పేరు కూడా గుర్తులేదు. ముందే బొమ్మ చూపిస్తే, బిడ్డ కోసం ఎదురుచూసే ప్రతి తల్లీ మావాడే అంటోంది. అందుకే మొదట ఆనవాళ్లు అడుగుతున్నాను.'"

హిల్డా ఆ కాగితం అతని చేతిలోంచి లాక్కుంది. బావి, చక్రం, చక్రంలో గాడిద, దాని నోట్లో పొగలు కక్కే పైపు.

గాడిద నోట్లో పైపు పెట్టి గీసేది లోకంలో లెనార్డ్ ఒక్కడే.