చెవికి దారి పడాలి

తనని మోసం చేసిన వాళ్ళ జాబితా ఎలీషా దగ్గర పొడుగ్గానే ఉంది. అందులో చివరి పేరు జ్ఞానప్రకాశం.

మూడు నెలలన్నాడు ఆ పెద్దమనిషి. ఎనిమిదో నెల నడుస్తోంది. అరబ్బీ ఇంకా సగానికి సగం రేకుల మీద వాన చప్పుడులాగే ఉంది.

జ్ఞానప్రకాశం కువైట్‌లో పద్దెనిమిదేళ్ళు కారు తోలి వచ్చి, రాజోలు సెంటర్లో జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. ఎలీషా మొదటిసారి వెళ్ళినప్పుడు, అరబ్బీ నేర్పే పుస్తకం ఏదైనా ఉంటే ఇమ్మన్నాడు.

"పుస్తకం దేనికి తమ్ముడూ? ఐదో క్లాసులో నువ్వు పారేసిన పుస్తకమే ఇంకా దొరకలేదు!" అని నవ్వాడు జ్ఞానప్రకాశం. "నోరు మూసుకుని విను. అర్థాలు అడక్కు. వాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకుంటన్నారు, మాట ఎక్కడ తెగుతుంది, అది పట్టుకో. ముందు చెవికి దారి పడాలి. దారి పడ్డాక అర్థం దానంతటదే నడిచొస్తది. మూడు నెలలు, అంతే."

ఫోన్లోకి నాలుగు అరబ్బీ సీరియళ్ళు ఎక్కించి, అప్పుడడిగాడు.

"ఇంతకీ నీకెందుకయ్యా? యాభై రెండొచ్చేయి. వీసా ఎవడిస్తాడు?"

ఎలీషా నేల చూపులు చూశాడు. "మీ మరదలు శుక్రవారం శుక్రవారం ఫోన్లో మాటాడుద్దన్నయ్యా. ఏం మాటాడుద్దో తెలవదు."

"ఓహో, అనుమానమా?"

ఎలీషా ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు ఆవిడ జీతం తిని, పైన అనుమానం కూడానా? బాగుంది సంబడం!"

ఎలీషా భార్య రూతు కువైట్‌లో ఒకే ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసింది. మోకాళ్ళు అరిగిపోయి, పోయిన వానాకాలంలో తిరిగొచ్చింది. వచ్చినా ఆ ఇంటి మేడమ్ ఆమెను వదల్లేదు. ప్రతి శుక్రవారం ఫోను. రూతు పెరటి అరుగు మీద కూర్చుని గలగలా మాట్లాడుతుంది. కాసేపటికి గొంతు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఎలీషా పేరు వినిపిస్తుంది. పేరుకి ముందు ఏముందో, వెనక ఏముందో తెలియదు. ఒక్కోసారి అవతల మగగొంతు కూడా ఉంటుంది.

"ఏంటా మాటలు?" అంటే, "ఏముంటాయండీ, వంటలూ పిల్లలూ" అంటుంది.

వంటలు చెప్పే గొంతు కాదది. ఆ మాత్రం భాష రాకపోయినా తెలుస్తుంది. శుక్రవారం వస్తే ఎలీషాకి అన్నం దిగదు.

రొయ్యల చెరువు మీద మేత చల్లుతూ విన్నాడు. సైకిల్ మీద వింటూ వెళ్ళి ఓసారి కాలవలో పడ్డాడు.

"ఏంటి బాబాయ్, ఈ వయసులో డ్యూయెట్లా?" అన్నాడు చెరువు గుమస్తా భాస్కర్.

"వాక్యం వింటన్నానయ్యా."

"ఆయ్! అయితే పనిలో పని, మన రొయ్యకి వైట్‌స్పాట్ రోగం రాకుండా ప్రార్థన చేసెయ్యి."

రెండో నెలకి మాటలు విడివిడిగా తెగడం మొదలైంది. నాలుగో నెలకి కసిరే గొంతేదో, బతిమాలే గొంతేదో తెలిసింది. ఆరో నెలకి అన్నం, నీళ్ళు, ఇల్లు, అంకెలు పట్టుబడ్డాయి. రూతు మాట్లాడితే మాత్రం చేతిలోంచి చేప జారినట్టు జారిపోయేది.

వెళ్ళి జ్ఞానప్రకాశం మీద పడ్డాడు. "మూడు నెలలని నన్ను ముంచేవు!"

"మీ ఆవిడని చూసైనా నేర్చుకో. కొబ్బరి కొట్లో పెరిగిన మనిషి. కాయని గోటితో మోగించి లేతో ముదురో చెప్పేస్తది. ఎవరు నేర్పేరు? వినగా వినగా వచ్చింది. భాషా అంతే!"

అది నిజమే. రూతు వచ్చిన వారంలోనే ఎలీషా కళ్ళారా చూశాడు. ఆమె పంపిన డబ్బుతో ఎలీషా పేరున కొన్న తొంభై రెండు సెంట్ల కొబ్బరితోట అంటే ఆమెకి ప్రాణం. సెలవుకొచ్చినప్పుడల్లా ఆ కాయలే పెట్టెలో సర్దుకుని కువైట్ పట్టుకెళ్ళేది. ఈసారీ తోటకెళ్దామంది.

"గట్టంతా బురద. ఆ మోకాళ్ళతో ఏం నడుస్తావు?" అని, ఎలీషానే గోనెసంచిలో ఇరవై కాయలు తెచ్చి ముందర పోశాడు.

రూతు ఒక కాయని చెవి దగ్గర ఆడించింది. గోటితో మోగించింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి.

"మన కాయలేనా అండీ?"

"ఎరువు మార్చేను. తేడా ఉంటది మరి."

"ఆయ్" అని కాయలన్నీ మూలకి సర్దింది. మళ్ళీ తోటకెళ్దామనలేదు. నడవలేదు కదా, పాపం.

ఈ శుక్రవారం మధ్యాహ్నం ఎలీషా వంటింట్లో నీళ్ళు ముంచుకుంటున్నాడు. గోడ అవతల రూతు. గొంతు తగ్గింది. తన పేరు వినిపించింది.

పేరు తర్వాతి మాట కూడా వినిపించింది. దాని తర్వాతదీ. లాకులెత్తిన కాలవలోకి నీళ్ళొచ్చినట్టు, ఒక్కో మాటా అర్థంతో సహా వచ్చి పడుతోంది. సీరియల్లో లాగ కసరడం లేదు, బతిమాలడం లేదు. ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నంత నిదానంగా ఉంది రూతు గొంతు.

ముంచిన గ్లాసు అలాగే గట్టు మీద పెట్టేశాడు. జ్ఞానప్రకాశం నిజంగానే మోసగాడైతే ఎంత బాగుండేది అనిపించింది ఎలీషాకి.

"కాయ మోగించిన రోజే నాకు తెలిసిపోయింది మేడమ్, ఇంక ఆయన నోటితో ఆయన ఎప్పుడు చెబుతాడా అని అప్పట్నించీ నేనూ వింటూనే ఉన్నాను, నీ తోట అమ్ముకు తినేశాననీ, పోయింది మొత్తం తొంభై రెండు సెంట్లనీ."