అతుకు

"జిగురు ఎక్కువైంది వదినా! రంధ్రంలోకి పోతోంది, తుడువు!" అని అరిచింది ఆడపడుచు.

వదిన మైక్రోస్కోప్‌లోంచి చూస్తూ, పుల్ల కొసతో జిగురు చుక్కను పక్కకు లాగింది. కింద ఉన్నది గోరంత సిలికాన్ చిప్. దాని లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు, వాటి మధ్య ఆమె భర్త కాలేయంలోంచి తీసిన గడ్డ ముక్క. దాని మీద మందులు పారించి చూస్తే ఆయనకు ఏది పనిచేస్తుందో తేలుతుంది. మళ్లీ ముక్క తీయించుకునే ఓపిక ఆ మనిషికి లేదు. తీరా చూస్తే, ముక్కకు ఆహారం అందించే గొట్టం ఊడి కూర్చుంది. ఇంకాసేపు అలాగే ఉంటే ముక్క చచ్చిపోతుంది.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ ల్యాబులో ఆమె పై అధికారి కూడా కావడంతో వదినకు ఇంటా బయటా ఒకటే పోరు. ఈ రోజు ఆ అధికారి చేతులు వణుకుతున్నాయి. అందుకే అతికించే పని వదినకు అప్పగించి, నెత్తిన నిలబడి గోల పెడుతోంది.

"తీగ పెట్టావా?"

"పెట్టాను."

రంధ్రం పూడుకుపోకుండా గొట్టంలో తీగ దూర్చి, జిగురు గట్టిపడే ముందు లాగెయ్యాలి. తొందరపడితే జిగురు లోపలికి జారుతుంది. ఆలస్యమైతే తీగే అతుక్కుపోతుంది.

"ఇక లాగు!"

"ఆగమ్మా. ఇంకా తడిగా ఉంది."

"లాగమంటుంటే!"

వదిన తన లెక్క ప్రకారమే ఆగి, లాగింది. తీగ శుభ్రంగా వచ్చింది.

ఆడపడుచు ఊపిరి పీల్చుకుంది. ఫోన్లు బయట పెట్టి రావాల్సిన గది అది. పొద్దుటి నుంచి ఆమె అక్కడే ఉంది.

"ఆస్పత్రి నుంచే కదా వచ్చావు? అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"నొప్పి తగ్గింది."

"హమ్మయ్య!"

పంపు ఆన్ చేశారు. గులాబీరంగు ద్రవం గొట్టంలో మెల్లగా పాకి, అతుకు దాటి చిప్‌లోకి దిగింది. చుక్క కూడా కారలేదు. మైక్రోస్కోప్ కింద కణాలు నిండుగా, బతికి కనిపించాయి. వదిన ఇక ఆపుకోలేక బావురుమంది.

ఆడపడుచు ఆమెను దగ్గరకు తీసుకుంది. "ఊరుకో వదినా. మూడు మందులున్నాయి. ఏదో ఒకటి దీని పీచమణచకపోదు" అంటూ మొదటి మందు సిరంజి అందుకుంది.

వదిన ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దు. మందు వెయ్యకు. చచ్చిపోతుంది."

"చావాలనేగా ఇంత తంటా! పిచ్చి గానీ పట్టిందా? అది అన్నయ్యను తినేస్తున్న గడ్డ!"

వదిన రెండు చేతులూ చిప్‌కు అడ్డం పెట్టింది.

"మీ అన్నయ్య పొద్దున్నే పోయారమ్మా. ఆయనదంటూ బతికున్నది ఇదొక్కటే."