ఘటాలు అడ్డొచ్చిన లోడు

"ముప్పై నిమిషాల్లో చివరి కాంక్రీటు లోడు పడకపోతే, పోసినది గట్టిపడిపోతుంది, స్లాబు పగలగొట్టాలి" అంది సైటు పనులు నడిపే యంత్రం. సామగ్రి చూసుకునే సన్యాసమ్మ టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

పార్వతీపురంలో కట్టే ఆసుపత్రి అది. ఈ రోజుల్లో సైట్లలో ఇసుక గుట్టలు, సిమెంటు గోడౌన్లు ఉండవు. ప్రతి లోడూ యంత్రం చెప్పిన నిమిషానికి డ్రైవరు లేని లారీలో వస్తుంది. ఈ చివరి లోడు మాత్రం పక్క వీధిలో, అమ్మవారి ఊరేగింపు వెనక ఇరుక్కుంది. ఊరేగింపు ఎప్పుడు దాటుతుందో యంత్రం నడక వేగంతో లెక్కేసింది. అమ్మవారి ఘటాలు తలకెత్తుకున్నవాళ్లు ప్రతి గడప ముందూ ఆగి పసుపునీళ్లు పోయించుకుంటారని దానికెవరూ చెప్పలేదు.

సన్యాసమ్మ ఊరేగింపులోకి పరుగున పోయి ఊరి పెద్ద గౌరన్నాయుణ్ణి పట్టుకుంది.

"మావా, పెసాదం పంచేసిన పులిహోర బేసిన్లు కావాల."

"బేసిన్లేటి సేసుకుంతావే?"

"కాంక్రీటు మోస్తాం. రేపు మీ కోడలు పురుడోసుకునేది ఈ ఆసుపత్రిలోనే."

"మరి బేసిన్లు?"

"కొత్తవి కొనిత్తాను."

గౌరన్నాయుడు జనం వైపు తిరిగాడు. "డప్పులు ఆపకండి. సేతులు ఖాళీగా ఉన్నోలంతా వరసలో నిలబడండి."

లారీ నుంచి సైటు లిఫ్టు దాకా జనం బారులు తీరారు. డప్పు దెబ్బకో బేసిను చేతులు మారింది. ఇరవై ఏడో నిమిషంలో ఆఖరి బేసిను పైకి చేరింది.

యంత్రం స్లాబును పాస్ చేసి, "లోడు ఏ వాహనంలో వచ్చింది?" అని అడిగింది.

"మనుషులు మోసేరు."

"అలాంటి వాహనం నా జాబితాలో లేదు."

"అయితే పేర్లు సెప్తాను, రాసుకో. నూట నలబై మంది" అని సన్యాసమ్మ కొంగు బిగించి, గౌరన్నాయుడితో మొదలుపెట్టింది.