ఆరు గంటల తేడా

"పదివేల ఎనిమిది వందల కిలోమీటర్లు! ఆరు గంటల్లో వచ్చేశారట! విమానమెక్కారా, రాకెట్టెక్కారా?"

విమానాశ్రయంలో విచారణ కౌంటరు మీద ఆవిడ ఒక కాగితం ఠపీమని పెట్టింది. వెనకాలే ఆవిడ భర్త, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో చితికిపోతూ నిలబడ్డాడు.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. లెక్క అంటే చాలు, ఆ మనిషికి ఆకలి కూడా గుర్తుండదు.

"నెమ్మదిగా చెప్పండమ్మా. ఏమిటి సంగతి?"

"ఈయన ఆఫీసు పని మీద ఆ కాగితంలో రాసిన ఊరు వెళ్ళానన్నారు. తిరుగు విమానం పొద్దున తొమ్మిదికి ఎక్కారట, మధ్యాహ్నం మూడుకి ఇక్కడ దిగారట. గంటకి తొమ్మిది వందల కిలోమీటర్ల చొప్పున నేనే భాగించి చూశాను. పన్నెండు గంటలు పట్టాలి. అంటే ఈయన అక్కడికి వెళ్ళనే లేదు! ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో! ఈ లెక్క తేలకపోతే ఇటు నుంచి ఇటే మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతాను."

ఉత్త బెదిరింపు కాదు. కాళ్ళ దగ్గర పెట్టె ఉంది.

"ఎంత చెప్పినా వినదండీ," అని గొణిగాడు భర్త.

గుమాస్తా కాగితం మీద ఊరి పేరు చూశాడు, భాగహారం చూశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ముచ్చటేసింది.

"మీ లెక్క ఒప్పేనమ్మా. ప్రయాణం పన్నెండు గంటలే. కానీ అక్కడ పొద్దున తొమ్మిదైనప్పుడు మన గడియారంలో ఎంత? తెల్లవారుజామున మూడు. దానికి పన్నెండు కలపండి."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మధ్యాహ్నం మూడు," అంది నెమ్మదిగా.

"అంతే. వాళ్ళకి మనకంటే ఆరు గంటలు ముందే తెల్లారుతుంది. సార్ చెప్పిన టైములో నిమిషం తేడా లేదు."

భర్త ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు. "విన్నావా? ఇన్ని రోజులూ నన్ను కాల్చుకు తిన్నావు!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే. ఓ కాపురం నిలబెట్టానని గుమాస్తాకూ కడుపు నిండినట్టయింది.

"తప్పయిపోయిందండీ," అంటూ ఆవిడ పెట్టె భర్త చేతికందించింది. తర్వాత గుమాస్తా వైపు తిరిగింది. "మంగళవారం పన్నెండు గంటలు కూర్చుని కూర్చుని, నడుం పట్టేసి ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలదీశానండీ. నాకు బుద్ధి లేదు."

లెక్కలో పిసరంత తప్పు దొర్లినా సరిదిద్దకుండా ఉండలేడు గుమాస్తా.

"మంగళవారం అయ్యుండదమ్మా," అన్నాడు నవ్వుతూ. "అక్కణ్ణుంచి మనకున్నది వారానికి ఒక్కటే విమానం, అదీ శుక్రవారం."